అరుగు మీది ఆట... చెక్క మీదికి!

సుద్దముక్కతో గీసుకున్న అష్టాచెమ్మా, బొగ్గుతో గీసిన పులి-మేక, చింతపిక్కల వామనగుంటలు... అరుగులతోపాటే కనుమరుగైన ఆటలివి. పెళ్లి జ్ఞాపికలూ నేమ్‌ప్లేట్లూ కోసే లేజర్ కట్టర్ వాటిని మళ్లీ ఇంట్లోకి తేగలదు. ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా తాడేపల్లిగూడెం దాకా ఓసారి వెళ్లొస్తే, ఆ పనికి కావలసిన సరంజామా అంతా ఇక్కడే ఉందని తెలుస్తుంది.

గోదావరి జిల్లాల పాత పెంకుటింటికి వీధి గుమ్మానికి అటూఇటూ రెండు అరుగులుండేవి. పొద్దున పెద్దల పేపరూ లోకాభిరామాయణమూ అక్కడే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలూ ఆడవాళ్లూ చేరేదీ అక్కడికే. ఓ సుద్దముక్క దొరికితే చాలు, అయిదు నిలువు అయిదు అడ్డం... పాతిక గడులు పడేవి. నాలుగు గవ్వలు, తలో నాలుగు కాయలు. కాయలంటే మళ్లీ కొనేవి కావు. ఒకరికి చింతపిక్కలు, ఒకరికి గాజుముక్కలు, ఒకరికి కందిగింజలు, ఒకరికి చీపురుపుల్ల ముక్కలు. సాయంత్రం అరుగు కడిగితే ఆట చెరిగిపోయేది. మర్నాడు మళ్లీ గీత.

ఇప్పుడు అటక ఎక్కి వెతికితే తిరగలి దొరుకుతుంది, కవ్వం దొరుకుతుంది, తుప్పుపట్టిన కత్తిపీటా దొరుకుతుంది. అష్టాచెమ్మా పలక మాత్రం దొరకదు. అసలది వస్తువైతేగా దొరకడానికి! అరుగులు పోయి గ్రిల్స్ వచ్చాయి. గచ్చు పోయి టైల్స్ వచ్చాయి. నున్నటి టైల్ మీద సుద్ద పట్టదు, పట్టినా ఇల్లాలు ఊరుకోదు. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోవడం వల్లే పాత ఆటలు పోయాయని అందరూ అంటారుగానీ, అంతకుముందే వాటికి కూర్చునే చోటు పోయింది.

ఆ చోటునే ఓ చెక్కపలక మీద తిరిగి తెచ్చుకోవచ్చు కదా!

హేలాపురిలో కొత్త ఘంటం

కృష్ణా కాలువ, గోదావరి కాలువ వచ్చి కలిసే ఊరు ఏలూరు. హేలాపురి దాని పాత పేరు. చేతిపని ఈ ఊరికి కొత్త కాదు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల విద్య ఇక్కడ స్థిరపడి, ఏలూరు తివాచీలుగా దేశాలు దాటింది. 2022 ఏప్రిల్ నుంచి ఇది ఏలూరు జిల్లాకు కేంద్రం కూడా.

ఇలాంటి పట్నాల్లో ఫ్లెక్సీలు, స్టిక్కరింగ్, షీల్డులు, నేమ్‌ప్లేట్ల పని జరిగే వీధుల్లో వాకబు చేస్తే లేజర్ కట్టింగ్ చేసేవాళ్ల ఆచూకీ తెలుస్తుంది. గృహప్రవేశానికి యాక్రిలిక్ బోర్డు, పెళ్లి స్టేజీకి వధూవరుల పేర్లు, పుట్టినరోజు కేకు మీద గుచ్చే అంకె... ఇలాంటివన్నీ చాలావరకు దాని చలవే.

యంత్రం చూడటానికి పెద్ద భోషాణంలా ఉంటుంది. లోపల ఓ గాజు గొట్టం, అందులో కార్బన్ డయాక్సైడ్ ప్రధానంగా కొన్ని వాయువుల మిశ్రమం. కరెంటు పంపితే కిరణం పుడుతుంది. అది కంటికి కనపడని పరారుణ కిరణం. అద్దాల మీద మలుపులు తిరుగుతూ వచ్చి, చివర ఓ కటకంలోంచి సూదిమొనంత చోట పడుతుంది. అంతే, ఆ చోట చెక్క ఆవిరైపోతుంది. కటకమున్న తల రెండు పట్టాల మీద కంప్యూటర్ చెప్పిన దారిలో నడుస్తుంది. వెడ్డింగ్ కార్డుల డీటీపీ చేసేవాళ్లకు చేతివాటమైన కోరల్‌డ్రాలో బొమ్మ గీసిస్తే చాలు. శక్తి పెంచి నెమ్మదిగా నడిపితే పలక తెగుతుంది. శక్తి తగ్గించి వేగం పెంచితే పైపైన గీత పడుతుంది. తాటాకు మీద ఘంటంతో రాసిన మన పెద్దలకు ఈ రెండో పని కొత్తగా అనిపించేది కాదు. వాళ్లు గీసిన గీతలో మసి రుద్దేవారు. ఇక్కడ మసి దానంతటదే వస్తుంది!

ఈ కిరణం వెనక మన దేశస్థుడున్నాడు. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. నాలుగేళ్లకే, 1964లో, బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టింది కుమార్ పటేల్. 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లినవాడు. చెక్క, యాక్రిలిక్ కోసే యంత్రాల్లో చాలావాటికి నేటికీ ఆ తరహా లేజరే గుండెకాయ.

ఒక పలక... మూడు ఆటలు

మొదట చేయించుకోవలసింది తేలికైనదే. మూడు మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ లేదా ప్లైవుడ్ ముక్క, అడుగుకు అడుగు. ఒకవైపు అష్టాచెమ్మా. రెండంగుళాల గడులు పాతిక, చుట్టూ అంగుళం అంచు. నాలుగు వైపులా నడిమి గడిలోనూ, మధ్యలో పండే గడిలోనూ అడ్డగీతల గుర్తు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఆట పేరులోనే లెక్కంతా ఉంది.

రెండోవైపు పులి-మేక. త్రికోణం, దాన్ని అడ్డంగా కోస్తూ గీతలు, మొత్తం 23 కూడళ్లు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకను దూకితే పులి తిన్నట్టు. పులులు కదలకుండా చుట్టుముడితే మేకలు గెలిచినట్టు. బలమున్నవాడికి బలం, మంద ఉన్నవాడికి ఉపాయం... పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పకుండానే తెలిసిపోయే పాఠమిది.

ఇంకో పలక మీద దాడి. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు, 24 కూడళ్లు, చెరో తొమ్మిది కాయలు. వరసగా మూడు పేర్చినవాడు ఎదుటివాడి కాయ ఒకటి తీసేస్తాడు. ఇంచుమించు ఇదే ఆట ఐరోపాలోనూ శతాబ్దాలుగా ఉంది. హంపి మండపాల రాతిచప్టాల మీద చెక్కిన ఆటల గీతలు నేటికీ కనిపిస్తాయి. అంటే, ఆటను చెరిగిపోని చోట గీయాలన్న ఆలోచన కొత్తదేం కాదు.

చిన్న కిటుకు ఒకటుంది. గీతలు చెక్కించి ఊరుకోకుండా, కూడళ్ల దగ్గర చిన్న రంధ్రాలు కోయించి, అడుగున ఇంకో పలక అతికిస్తే కాయలకు గుంటలు ఏర్పడతాయి. పుల్లల్లాంటి కాయలు వాటిలో నిలబడతాయి. రైల్లో కుదుపులకు ఆట చెదరదు. చూపు లేనివారు కూడా వేళ్లతో తడుముతూ ఆడొచ్చు.

కొల్లేటి కొలతలు

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డెక్కితే కాసేపటికే రెండువైపులా నీళ్లు మొదలవుతాయి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఆగితే కొల్లేరు గాలి ముఖానికి కొడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పెద్ద మంచినీటి సరస్సిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తే, ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆటపాక వెళ్తే గూడబాతులు, కొల్లేటికోట వెళ్తే పెద్దింట్లమ్మ. ఫాల్గుణంలో జరిగే అమ్మవారి జాతరకు లంక గ్రామాలన్నీ కదులుతాయి.

లేజర్ గురించి చెబుతూ కొల్లేరు ఎందుకంటే, కొలిచి కోయడమనే విద్యకు ఇది పాత బడి. తాటిదోనెనే తీసుకోండి. ముదురు తాటిమానును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి గుంజు తోడేస్తే బయటి గట్టి చేవ మిగులుతుంది. వేరువైపు లావుగా ఉన్న మొదలు దోనెకు మూతిలా పనికొస్తుంది. ఒక్కటైతే తిరగబడుతుందని రెండు దోనెల్ని జతకడతారు. చెట్టు ఆకారమే పడవ ఆకారం. వృథా తక్కువ.

చేపలకు పెట్టే మావులు చూడండి. వెదురు పుల్లల్ని వరసగా కట్టి నీళ్లలో నిలబెట్టే ఉచ్చు అది. చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. పుల్లకూ పుల్లకూ మధ్య సందు ఎంతుండాలన్నదే అందులో కీలకం. సందు పెరిగితే చేప జారిపోతుంది, తగ్గితే పిల్లచేపలూ చిక్కి రేపటి పంట పోతుంది. ఇక కిక్కిస రెల్లుతో తడికలు, తుంగతో చాపలు. తాటాకుతో పిల్లల బూరలు, గిరకలు. తిన్నాక మిగిలిన తాటికాయలు రెండింటికి పుల్ల గుచ్చితే బండి! దేన్నీ బజారులో కొనని ఆటసామాను అది. చేపల చెరువులు, నైలాను వలలు, ఫైబరు పడవలు వచ్చాక ఈ పనులు తెలిసిన చేతులు తగ్గుతూ వస్తున్నాయి.

చేప ఊసెత్తాం కాబట్టి వామనగుంటలకు వద్దాం. రెండు వరసల్లో ఏడేసి చొప్పున 14 గుంటలు. దక్షిణాదిలో ఈ పీటల్ని మధ్యలో మడతపడేలా, చేప ఆకారంలో చెక్కే అలవాటుంది. తమిళులు దీన్నే పల్లాంకుళి అంటారు, కన్నడిగులు అళిగుళి మణె అంటారు. ఆఫ్రికా ఖండమంతా రకరకాల పేర్లతో ఇదే కుటుంబపు ఆటలు ఆడతారు.

ఇక్కడే లేజర్‌కు చిక్కొస్తుంది. అది అడ్డంగా పరిచిన పలకను పైనుంచి కిందికి కోయగలదు. వడ్రంగి ఉలిలా గుండ్రటి గుంట తొలవడం దానికి చేతకాదు. దానికి ఉపాయం పొరలు. అడుగున్నర పొడవు, అర అడుగు వెడల్పుతో అయిదు పలకలు తీసుకోవాలి. పై పలకలో 50 మిల్లీమీటర్ల రంధ్రాలు 14. దాని కింద 46, ఆ కింద 42, ఆ కింద 38. అడుగున రంధ్రాల్లేని పలక. అన్నింటినీ వడ్రంగి జిగురుతో అతికించి, ఒక రాత్రి బరువు పెట్టి ఉంచితే మెట్లమెట్లుగా లోతు దిగే గుంటలొస్తాయి. గరుకు కాగితంతో అంచులు రుద్దితే చింతపిక్కలు చేతికి సులువుగా వస్తాయి. పై పలక అంచును చేపలా కోయించి, పొలుసులు గీయిస్తే కొల్లేటి గుర్తు.

మరి రంధ్రాల్లోంచి రాలిన బిళ్లల మాటేంటి? నాలుగు సైజుల్లో మొత్తం 56 వస్తాయి. రెండేసి అతికించి పెద్దదాని మీద చిన్నది పేరిస్తే ఏడుపెంకులాటకు పెంకులు. మిగిలినవి కాఫీ గ్లాసుల కింద పెట్టుకోవచ్చు. తాటిచెట్టులో ఏదీ పారేయని ప్రాంతంలో ఈమాత్రం పొదుపు లేకపోతే ఎలా!

గూడెంలో గాడి లెక్క

ఏలూరు నుంచి విశాఖ వైపు రైలెక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటి గంటలోపే తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల టోకు బజారుకు పేరున్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వారు వేసిన రన్‌వే ఉన్న ఊరు. 2015లో ఆంధ్రప్రదేశ్ ఎన్ఐటీ ఇక్కడే మొదలైంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు చుట్టుపక్కల ఎందరో. కంప్యూటర్లో బొమ్మ గీయడం వాళ్లకు మంచినీళ్లప్రాయం. సెలవుల్లో ఇంటికొచ్చిన అలాంటి పిల్లో పిల్లాడో ఉంటే నానమ్మకు వ్యాసపీఠం చేయించి పెట్టమనండి.

భాగవతమో భారతమో పెట్టుకుని చదివే వ్యాసపీఠాన్ని ఒకే పలక చీల్చి, విడిపోకుండా మడతపడేలా చేయడం పాత వడ్రంగుల గొప్పతనం. లేజర్ పద్ధతిలో రెండు పలకలు. ఒక్కోదానికి సగం దాకా గాడి కోసి, ఒకదానిలోకి ఒకటి తోస్తే అడ్డంగా నిలబడుతుంది. మేకు అక్కర్లేదు. పుస్తకం బరువైతే ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మేలు.

గాడి దగ్గరే కొత్తవాళ్లు బోల్తాపడతారు. రంపం కోస్తే పొట్టు రాలినట్టే, కిరణం నడిచినచోట కొంత చెక్క మాయమవుతుంది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా. మూడు మిల్లీమీటర్ల పలకకు సరిగ్గా మూడే గీస్తే గాడి వదులై వస్తువు ఊగుతుంది. పైగా మూడని అమ్మిన పలక కచ్చితంగా మూడే ఉండదు. అందుకే ముందు ఓ చిన్న ముక్క మీద దువ్వెనలా 2.7, 2.8, 2.9, 3.0 గాడులు కోయించి, ఏది బిగువుగా పడుతుందో చూసి అసలు పలక కోయించాలి. మావుకు సందు లెక్క ఎంతో, దీనికి గాడి లెక్క అంత.

అది పట్టుబడితే ఇంట్లోకి ఎన్నైనా చేయించుకోవచ్చు. బొమ్మల కొలువుకు విడదీసి మంచం కింద దాచుకునే మెట్లు. తాళంచెవుల పలక. గవ్వలూ కాయలూ వేసుకునే పెట్టె. సంక్రాంతికి ముగ్గుల రేకులు. రేకు గీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. చుట్టూ తెగితే లోపలి ముక్క ఊడి పడిపోతుంది కాబట్టి మధ్యమధ్య సన్నటి పట్టీలు వదలాలి. ముగ్గు రాని పిల్లలకైతే చుక్కల పలక మరీ మంచిది. ‘పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేదాకా’ రంధ్రాలు కోయిస్తే చుక్కలు పలక వేస్తుంది. కలపడం మాత్రం పిల్లలే నేర్చుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు

అన్నీ దీంతోనే అనుకుంటే పొరపాటు. అరిసెలు వత్తే చెక్కలు, అప్పడాల పీట లాంటి తిండి తగిలే వస్తువులకు ఎమ్‌డీఎఫ్ వద్దు. అది చెక్కపొడిని రసాయన జిగురుతో వత్తిన పలక. వాటికి అసలు చెక్క, అసలు వడ్రంగే సరి.

ఫ్లెక్సీ, సన్‌బోర్డు లాంటి పీవీసీ సరుకును లేజర్‌లో పెట్టకూడదు. కాలితే వచ్చే వాయువు ఊపిరితిత్తులకు హాని, యంత్రానికి తుప్పు. మిగిలిపోయిన సన్‌బోర్డు ముక్క చవగ్గా వస్తుందని అడగొద్దు.

నీళ్లంటే ఎమ్‌డీఎఫ్‌కు గిట్టదు, ఉబ్బిపోతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదను చూసిన కొల్లేటి ఊళ్లకు తేమ సంగతి వేరే చెప్పాలా! పలకకు రెండువైపులా, అంచులకూ వార్నిష్ పట్టించి, గోడకు ఆనించకుండా బల్లపరుపుగా దాచాలి. గవ్వలు, చింతపిక్కలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అందనివ్వకూడదు. కోత జరుగుతుంటే యంత్రం మూత తీయించి తొంగిచూడటం అస్సలు కూడదు.

పాబళ్ నుంచి టీ-వర్క్స్ దాకా

కావలసినవి ఎవరికివారే చేసుకోవాలన్న ఆలోచన ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. అమెరికాలోని ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో ‘దాదాపు దేన్నైనా తయారుచేయడం ఎలా’ అనే పాఠం మొదలుపెట్టాడు. దాన్నుంచి పుట్టినవే ఫ్యాబ్ ల్యాబులు. అమెరికా బయట తొలినాటి ల్యాబుల్లో ఒకటి మన దేశంలోనే, పుణె దగ్గర పాబళ్ పల్లెలోని విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లో వచ్చింది. హైదరాబాద్‌లో టీ-వర్క్స్ 2023లో తలుపులు తెరిచింది. పాత ఆటల సంగతికొస్తే, చెన్నైలో వినీతా సిద్ధార్థ స్థాపించిన ‘క్రీడ’ 2002 నుంచి పల్లాంకుళి, పులి-మేక లాంటివాటిని కొత్త తరానికి అందిస్తోంది.

మనకు అంత పెద్ద ల్యాబు అక్కర్లేదు. వీధి చివరి దుకాణం, ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలు, పక్కవీధి వడ్రంగి చాలు. కోతకు సాధారణంగా పట్టే సమయాన్ని బట్టో పలక సైజును బట్టో తీసుకుంటారు కాబట్టి, నాలుగు కుటుంబాలు కలిసి చేయిస్తే ఒకే బొమ్మ అందరికీ పనికొస్తుంది.

నియమాలు ఎవరినడగాలి?

యంత్రం కోయలేనిది ఒకటుంది. ఆట తీరు. అష్టాచెమ్మాలో అవతలివాడి కాయ ఒక్కటైనా చంపితే తప్ప లోపలి గడుల్లోకి వెళ్లకూడదంటారు కొన్ని ఇళ్లలో. మరికొన్ని ఇళ్లలో ఆ అడ్డు లేదు. వామనగుంటల్లో గుంటకు నాలుగు పిక్కలా, అయిదా, ఆరా? చేతిలోవి అయిపోయాక తర్వాతి గుంట ఖాళీగా ఉంటే ఏం చేయాలి? అమ్మమ్మగారి ఊళ్లో ఒకటి, నానమ్మగారి ఊళ్లో ఇంకొకటి. పుస్తకంలో దొరికేది ఏదో ఒక ఊరి పద్ధతి. మీ ఇంటి పద్ధతి మీ ఇంటి పెద్దావిడకే తెలుసు. ఆవిడకిప్పుడు ఎనభయ్యో, ఎనభై అయిదో.

అందుకే పలక చేయించడానికి వెళ్లేముందు ఓ మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చోండి. నేల మీద గడులు గీసి, నాలుగు గవ్వలు చేతిలో పెట్టండి. చెప్పమంటే గుర్తురానివి ఆడుతుంటే గుర్తొస్తాయి. ‘అలా కాదర్రా’ అని ఆవిడ ఆపిన చోటల్లా ఒక నియమం ఉన్నట్టే. వాటిని రాసుకుని, ఊరి పేరుతో సహా పలక వెనక చెక్కించండి. దుకాణంలో ఇచ్చేముందు తెలుగు అక్షరాలను కర్వ్స్‌గా మార్పించుకోవడం మరవొద్దు. లేకపోతే ఒత్తులు చెదిరిపోతాయి.

పలక కోయడానికి కాసేపు చాలు, ఈ వేసవి కాకపోతే వచ్చే వేసవికైనా చేయించుకోవచ్చు. ఆవిడను అడిగే పని మాత్రం ఈ ఆదివారమే పెట్టుకోండి.